కారణాలున్న బావమరిది

ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టుకునే అర మీద సర్వహక్కులూ గృహస్థువేనని రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు. రాసి ఉండాల్సింది. అంత పెద్ద గ్రంథం రాసిన మహానుభావులకీ బావమరుదులు ఉండే ఉంటారు. మొహమాటం కొద్దీ ఆ అధికరణం వదిలేసి ఉంటారు. ఆ మొహమాటానికి ఫలితం ఇవాళ బెజవాడలో నేను అనుభవిస్తున్నాను. పొద్దున్నే ఆమ్లెట్ వేసుకుందామని తలుపు తీస్తే గుడ్ల గుంటల్లో గుడ్లు లేవు. గుంటకొకటి చొప్పున ఫిల్మ్ డబ్బాలు నిటారుగా కూర్చుని ఉన్నాయి. గుడ్లు స్టీలు గిన్నెలో పడి వంకాయల పక్కన తలదాచుకుంటున్నాయి. పెరుగు వెనక వరసకి పోయింది. అల్లం పచ్చడి సీసాకైతే ఏకంగా దేశబహిష్కరణ శిక్ష పడి, వంటింటి గట్టు మీద చెమటలు కక్కుతోంది. ఆ పూట ఉప్మా తిన్నాను.

ఆ డబ్బాల్లో ఉన్నవి హోమియో మాత్రలు కావు. కలర్ నెగటివ్ రీళ్లు. అవునండీ, అవే. మనం పెళ్లిళ్లకీ, అన్నప్రాసనలకీ, తిరుపతి గుండ్లకీ కెమెరాలో వేసి, ముప్పై ఆరూ అయ్యాక స్టూడియోలో ఇచ్చి కడిగించుకుని, వారం తర్వాత సగం మంది కళ్లు మూసుకున్నారని తెలుసుకున్న ఆ రీళ్లే. ఫోన్లొచ్చాక అవి కాలధర్మం చేశాయని మీరూ నేనూ నమ్మాం. కర్మకాండ కూడా అయిపోయిందనుకున్నాం. అవి మా గుడ్ల అరలో ఉన్నాయి.

తెచ్చి పెట్టినవాడు మా ఆవిడ తమ్ముడు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. మా ఇంటి పై పోర్షన్లోనే కాపురం. వాయిదాల మీద కొన్న డిజిటల్ కెమెరాలు రెండున్నాయి. ఒక్కో పెళ్లికి వేల కొద్దీ ఫొటోలు తీస్తాడు, రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని ఏరుతాడు. అది అన్నం పెట్టే పని, దానికి నాకేం అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా మెడలో వేలాడే మూడోదాని గురించి. అది నేను కాలేజీలో చేరిన నాటి కెమెరా. వెనక తెర లేదు, పక్కన చార్జింగ్ కన్నం లేదు, నొక్కితే టక్కుమంటుంది, అంతే సంగతులు. ఒప్పుకున్న పనంతా అయ్యాక మెల్లగా దాన్ని పైకి తీస్తాడు. ఇక ఆ పూటకి మా ఇంట్లో పౌరహక్కులు రద్దు.

వ్యసనమైతే ఓర్చుకునేవాణ్ణి. పేకాడేవాణ్ణి తిట్టవచ్చు, తిడితే కనీసం తల దించుకుంటాడు. పిచ్చి అయితే జాలిపడవచ్చు, నలుగురిలో చెప్పుకుని టీ తాగవచ్చు. మావాడి దగ్గర ఆ రెండూ లేవు. కారణాలున్నాయి. ప్రతి అఘాయిత్యానికీ ఒక కారణం, ఆ కారణానికి వెనక ఇంకో కారణం. ఎందుకయ్యా అని అడిగే హక్కు ఈ దేశంలో ప్రతి పౌరుడికీ ఉంది. జవాబు పూర్తిగా వినే బాధ్యత మాత్రం మా ఇంట్లో నా ఒక్కడి మీదే పడింది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ జవాబులు నిజాలు.

గుడ్ల సంగతే తీసుకోండి. నిలదీశాను. "బావగారూ, బయట నలభై నాలుగు డిగ్రీలుంది. ఇందులో నీలానికీ, పచ్చకీ, ఎరుపుకీ వేరువేరు పొరలుంటాయి. వేడికి అన్నీ ఒకే తీరుగా ముసలివి కావు. ఒకటి ముందు నీరసిస్తుంది, ఇంకోటి తర్వాత. అప్పుడు నీడలన్నీ ఏదో ఒక రంగుకి తిరిగిపోతాయి. 21 డిగ్రీలు దాటకుండా ఉంచమని చేసినవాళ్లే చెప్పారు," అన్నాడు. ఇరవై ఒకటి! నేను ఏసీ ఇరవై ఆరుకి దించితే కరెంటు పొదుపు మీద అక్కాతమ్ముళ్లు జంటగా ఉపన్యాసం ఇస్తారు. మీ పోర్షన్లో ఫ్రిజ్ ఉందిగా అన్నాను. "పిల్లలు లాగేస్తారు బావగారూ." పోనీ బయటికి తీశాకైనా పీడ వదులుతుందా అంటే, తీసిన వెంటనే డబ్బా విప్పకూడదట, చల్లటి ఫిల్మ్ మీద గాలిలో తేమ నీరై కూర్చుంటుందట. అందుకని గంటా రెండు గంటలు మా డైనింగ్ టేబుల్ మీద నా కంచం పెట్టుకునే చోట విశ్రాంతి తీసుకుంటుంది. నేను సోఫాలో తింటాను.

అసలు ఈ ఫిల్మే ఎందుకు అన్న మౌలిక ప్రశ్నకి వద్దాం. ఒక పెళ్లిలో మావాడు దీనికి ప్రత్యక్ష నిరూపణ ఇచ్చాడు. పట్టపగటి ముహూర్తం. ఆరుబయట పందిరి. ఇటు పక్క నీడ, అటు పక్క నిప్పులు చెరిగే ఎండ, మధ్యలో వీడియో వాళ్ల లైటు. పెళ్లికొడుకు మధుపర్కం తెలుపు, పెళ్లికూతురి మధుపర్కం తెలుపు, తలంబ్రాలు పోస్తుంటే గాల్లో ఎగిరే బియ్యం, ముత్యాలు తెలుపు. ఇంత తెలుపు ఒక్కచోట చేరితే డిజిటల్ కెమెరా ఒక హద్దు వరకు లెక్క రాసుకుంటుంది. హద్దు దాటిందా, చేతులెత్తేస్తుంది. అక్కడిక నూలు లేదు, మడత లేదు, వట్టి తెల్ల కాగితం. కంప్యూటర్లో ఎంత లాగినా తిరిగి రాదు, అసలు నమోదు కానిది ఎక్కణ్ణుంచి వస్తుంది? డిజిటల్ వాళ్లు అందుకే తెలుపుకి భయపడి వెలుగు తగ్గించి తీస్తారు. నెగటివ్ తీరు వేరు. వెలుగు పెరిగేకొద్దీ అది ఇంకాస్త నల్లబడుతుంది, ఆపైన ఇంకొంచెం నెమ్మదిగా, ఆపైన మరింత నెమ్మదిగా నల్లబడుతూ పోతుంది తప్ప ఒక్కసారిగా తలుపు వేసెయ్యదు. నా బుర్రకెక్కిన మటుకు చెబుతాను. డిజిటల్ అనేది రిజర్వేషన్ బస్సు, సీట్లు నిండితే ఆగదు. నెగటివ్ మన పల్లెవెలుగు. నిండింది అన్న మాట ఆ కండక్టరు నోట రాదు. లోపలికి జరగాలి, లోపలికి జరగాలి అంటూ ఎక్కించుకుంటూనే ఉంటాడు. ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డా, అందరూ ఊరు చేరతారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఈ ఔదార్యాన్ని మావాడు వాడుకునే పద్ధతి మాత్రం చట్టవిరుద్ధం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 400 అని ఉంటుంది. మావాడు వెలుగు కొలిచే మీటరులో 200 పెడతాడు. అంటే కావలసినదానికి రెట్టింపు వెలుగు. ఇంకో రెట్టింపు పడినా ఫొటోకి ఏమీ కాదట, తక్కువ పడితేనే నీడలు బురదవుతాయట. స్లైడ్ ఫిల్మ్‌కి ఈ దయ లేదు, వెలుగులో కాస్త తేడా వచ్చినా మొహం మాడ్చుకుంటుంది కాబట్టి దాని జోలికి పోడు. సరే నాయనా, కంపెనీ అచ్చేసిన అంకెకి విలువ లేనప్పుడు, కరెంటు బిల్లు మీద 2,400 ఉంటే నేను 1,200 అనుకుని కడతాను, ఊరుకుంటారా? దీనికి మావాడి దగ్గర కారణం దొరకలేదు. నవ్వాడు.

తర్వాతది రంగు. మా ఆవిడ చామనఛాయ మనిషి. ఫోను కెమెరాకి ఈ ఛాయ అంటే గిట్టదు. తీసీ తియ్యకముందే తనంతట తానే పౌడరు అద్ది, ముడతలు చెరిపి, ఎవరో తెల్లటి పరాయి స్త్రీని మా సోఫాలో కూర్చోబెడుతుంది. మావాడు ఫిల్మ్ మీద తీస్తే ఆవిడ ఆవిడలాగే ఉంటుంది. ఎండ తగిలిన బుగ్గ దగ్గర ఒక ఛాయ, చెవి కింద ఒకటి, మెడ దగ్గర ఇంకొకటి, ఒకదాంట్లోంచి ఇంకొకటి గీత కనపడకుండా జరుగుతాయి. కోడక్ వాళ్లు 1998లో పోర్ట్రా అని పేరు పెట్టి తెచ్చిన రీళ్లు మనుషుల మొహాల కోసమే చేసినవి. ఇప్పటికీ పెళ్లి ఫొటోల వాళ్లు వాటి కోసం ప్రాణం పెడతారు.

అలాగని కలర్ ఫిల్మ్‌కి మొదట్నుంచీ ఇంత సద్బుద్ధి ఉందనుకునేరు. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడక్ పంపే నమూనా కార్డు మీద దశాబ్దాల పాటు తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. షిర్లీ కార్డు అనేవాళ్లు దాన్ని. ఆ అమ్మాయి బుగ్గ సరిగా వస్తే ప్రపంచమంతా సరిగా వచ్చినట్టే లెక్క. ముదురు రంగు మొహాల్లో పళ్లూ కళ్లూ తప్ప ఏమీ కనపడకపోయినా పట్టించుకున్నవాడు లేడు. చివరికి నల్ల చాక్లెట్‌కీ పాల చాక్లెట్‌కీ తేడా రావట్లేదని మిఠాయి కంపెనీలూ, చెక్కలో తేడాలు కనపడట్లేదని ఫర్నిచర్ కంపెనీలూ గోల పెట్టాకే గోధుమరంగు ఛాయల మీద పని సాగిందని, దీని మీద పరిశోధన చేసిన కెనడా ప్రొఫెసర్ లోర్నా రోత్ రాశారు. మనుషుల మొర విననివాళ్లు మంచాల మొర విన్నారు. మా ఆవిడ ఛాయ ఇవాళ ఇంత చక్కగా పడుతోందంటే అందులో ఎక్కడో ఒక డ్రెస్సింగ్ టేబుల్ పుణ్యం ఉంది.

ఇక కడిగిన రీలు చూసే కార్యక్రమం. ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి, ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, ఇంటిల్లిపాదినీ పిలుస్తాడు. అందులో అన్నీ తలకిందులు. తెల్ల పంచె నల్లగా, నల్ల గొడుగు తెల్లగా, ఎర్ర కుంకుమ ఏదో నీలాకుపచ్చగా ఉంటాయి. వీటన్నిటి మీదా నారింజ రంగు పూత ఒకటి. మరకేమో అనుకుని తుడవబోతే ఇల్లెగిరేలా అరిచాడు. అది మరక కాదు, ముసుగట. నెగటివ్‌లో పుట్టే రంగుల్లో రెండు అంత శుద్ధమైనవి కావట, ఆపాల్సిన వెలుగుతో పాటు ఆపకూడని వెలుగునీ కొంచెం మింగుతాయట. ఆ దొంగలెక్క సరిచెయ్యడానికి 1940ల్లో కోడక్‌లో హాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఫిల్మ్‌లోనే రంగున్న రసాయనాలు కలిపి, ఆ తప్పు ఎక్కడ ఎంతుందో అక్కడ అంతే కొట్టివేసే ఏర్పాటు చేశాడట. మిగిలిందే ఈ నారింజ. తప్పులుంటాయని ముందే ఒప్పుకుని, సవరణ కూడా జతచేసి విడుదలైన వస్తువు ఈ దేశంలో నేను ఇంకోటి చూడలేదు. నెలకోసారి గోద్రెజ్ రంగు వేసుకునే నా జుట్టు కూడా ఆ నెగటివ్‌లో ముగ్గుబుట్టలా తెల్లగా కనిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ముప్పై ఆరు అన్న అంకె గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, కానీ ఆపుకోలేను. ముప్పై ఆరు కాబట్టి ఒక్కటీ వృథా కాకూడదు. వృథా కాకూడదు కాబట్టి ముందు నా గడ్డం కింద మీటరు పెట్టి వెలుగు కొలుస్తాడు. తర్వాత సూర్యుడికి అడ్డొచ్చిన మబ్బు పోయేదాకా ఆగమంటాడు. మబ్బు పోతే మా ఆవిడ కొంగు సర్దుకుంటుంది. కొంగు సర్దుకునేలోపు చిన్నాడు పరిగెడతాడు. వాణ్ణి పట్టుకొచ్చేసరికి మళ్లీ మబ్బు. చివరికి టక్. ఏదీ చూపించు అంటే చూపించడానికి వెనక తెర ఎక్కడుంది? ఇంకోటి తియ్యి అంటే తియ్యడు. ఇంకా పెద్ద కెమెరా ఒకటుంది, దానికి పెద్ద రీలు, ఫ్రేము కూడా అరచేతిలో సగం ఉంటుంది, అందులో వచ్చేవి మొత్తం పది. సరుకు పెరిగేకొద్దీ సంఖ్య తగ్గే ఈ అర్థశాస్త్రానికి ఏ యూనివర్సిటీలోనూ సీటు లేదు.

దీనికీ కారణం ఉంది. తెర ఉంటే ప్రతి టక్కుకీ పెళ్లివాళ్లంతా ఏదీ ఏదీ అని మీద పడతారట, మొహాల్లో ఉన్నది కాస్తా పోతుందట. తెర లేకపోతే పీడా పోయిందని మళ్లీ మాటల్లో పడతారట, అప్పుడు అసలు ఫొటో దొరుకుతుందట. పైగా నాలుగు వేల ఫొటోలు ఏరి, ఒక్కొక్కదానికీ రంగులు దిద్దడానికి నిద్రలేని రాత్రులు పడతాయి. ఫిల్మ్ స్కాను చేయించుకుంటే రంగు దాదాపు కుదిరే వస్తుంది. అంటే మావాడు రాత్రిళ్లు నిద్రపోతాడు. ఆ నిద్ర ఖరీదు నేను మధ్యాహ్నపు ఎండలో నిలబడి చెల్లిస్తున్నాను.

ఎండలోంచి వచ్చి టిఫిను ముందు కూర్చుంటే అక్కడా ప్రశాంతత లేదు. సగం తిన్న ఇడ్లీ ప్లేటు మీద కెమెరా వంచాడు. ఎంగిలి కంచం ఫొటో ఏమిటయ్యా దరిద్రం అన్నాను. స్టీఫెన్ షోర్ అనే ఆయన 1972లో అమెరికా అంతా తిరుగుతూ తిన్న టిఫినూ, పడుకున్న మంచమూ, హోటలు టీవీ, ఎదురుపడ్డ మనుషులూ, ఏదీ వదలకుండా మామూలు కలర్ నెగటివ్ మీద తీసి, మనమందరం ఇచ్చినట్టే కోడక్ ల్యాబుకిచ్చి కడిగించి, ఆ చిన్న చిన్న ప్రింట్లే న్యూయార్క్ గ్యాలరీలో గోడ నిండా అంటించాడట. అప్పట్లో కళ అంటే నలుపు తెలుపే అనుకునే పెద్దలు ముక్కు చిట్లించారట, ఇప్పుడు వాటినే మ్యూజియాలు దాచుకుంటున్నాయట. కాబట్టి నా ఎంగిలి కంచానికి భవిష్యత్తుంది. నా ఇడ్లీ చల్లారింది.

బాత్‌రూము విషయానికొస్తాను. ఇది సున్నితమైన అంశం, ఇంట్లో ఆడవాళ్లు చదివినా ఫరవాలేదు. మా ఊళ్లో ఒకప్పుడు సెంటరుకొక కలర్ ల్యాబు ఉండేది. పసుపు బోర్డు ఒకళ్లది, ఆకుపచ్చ బోర్డు ఇంకొకళ్లది, రీలు కడిగిస్తే ప్లాస్టిక్ ఆల్బం ఉచితం. ఇప్పుడు అవే షాపుల్లో పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజు కప్పులు, నాయకుల ఫ్లెక్సీలు. రీలు తీసుకెళ్తే కౌంటరులో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ ఫోనులోది సార్ అన్నాడు. కొన్ని రీళ్లు కొరియరులో పరాయి రాష్ట్రానికి పోతాయి, మిగిలినవి ఆదివారం మా బాత్‌రూములో కడగబడతాయి. ఆ స్నానం పేరు సీ-41. 1972లో వచ్చింది. ఏ కంపెనీ కలర్ నెగటివ్ అయినా, ఏ దేశంలో అయినా దాదాపు అన్నిటికీ ఇదే రసాయనం, ఇదే వేడి, ఇదే సమయం. ప్రపంచ దేశాలన్నీ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి. ఆ ఒప్పందం అమలవుతున్నది నేను బకెట్ పెట్టుకునే చోట.

ముందు రీలుని చీకట్లో కడిగే ట్యాంకులోకి ఎక్కించాలి. అందుకు చేతుల గొట్టాలున్న నల్ల సంచీ ఒకటుంది. మోచేతుల దాకా అందులోకి దూర్చి, కళ్లు పైకప్పుకి పెట్టి, ధ్యానముద్రలో తడుముతుంటాడు. గ్యాసు బండ కుర్రాడు సరిగ్గా అప్పుడే బెల్లు కొడతాడు. "బావగారూ, నా చేతులు ఖాళీ లేవు." తర్వాత డెవలపరు. 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. పావు డిగ్రీ అటూ ఇటూ అయినా రంగులు పక్కదారి పడతాయట. మే నెలలో మా ట్యాంకు నీళ్లు అంతకన్నా వేడిగా వస్తాయి కాబట్టి చల్లార్చడానికి ఐసు, జనవరిలో సరిపోవు కాబట్టి వేడి చెయ్యడానికి గీజరు. మొన్న వానాకాలంలో నాకు ఒళ్లు కాలిపోతుంటే థర్మామీటరు కోసం ఇల్లంతా వెతికించాను. అది బాత్‌రూములో మందునీళ్లకి జ్వరం చూస్తోంది. 37.8 అంటే మన లెక్కలో సరిగ్గా నూరు. తర్వాత నాకు చూస్తే నాదీ నూరే. మావాడు నా వైపు చాలా సేపు ఆలోచనగా చూశాడు. నేను దుప్పటి కప్పుకున్నాను.

ఆ స్నానంలో జరిగే ఇంకో దారుణం మా ఆవిడ చెవిన పడింది. ఫిల్మ్‌లో వెలుగుని పట్టేది వెండి లవణాలు. డెవలపరులో అవి వెండిగా మారుతుంటే, ఆ పక్కనే రంగు పుడుతుంది. రంగు పుట్టాక వెండితో పని లేదు. తర్వాతి మందులు దాన్ని మళ్లీ లవణం చేసి, కరిగించి, మొత్తం కడిగేస్తాయి. మనం చూసే బొమ్మలో వెండి రవ్వ కూడా ఉండదు, రంగు మబ్బులే మిగులుతాయి. అందుకే దగ్గరగా చూస్తే కలర్ ఫొటోలో కనిపించే నలుసులు మెత్తగా ఉంటాయని మావాడు మురిసిపోతున్నాడు. "వెండా? ఏ వెండి? మన ఇంట్లోంచా?" అంది మా ఆవిడ. పెద్ద ల్యాబులు ఆ నీళ్లలోంచి వెండి తిరిగి తీసి అమ్ముకునేవని తెలిశాక ఆవిడ ఆ బాత్‌రూములో మగ్గు నీళ్లు కూడా పారబొయ్యనివ్వడం లేదు. కుంకుమభరిణె చేయించుకునే ఆలోచనలో ఉంది.

ఇంత గొప్ప వస్తువుని చేసేవాళ్లు ఎలా ఉన్నారయ్యా అని ఒకసారి వ్యూహాత్మకంగా దెబ్బ తీశాను. మన ప్రభుత్వమే 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టింది, ఇందు అని ముద్దుగా పేరు పెట్టుకుంది, అది మూతపడింది. కోడక్ అయితే 1975లో తన ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేత్తోనే మొదటి డిజిటల్ కెమెరా చేయించుకుని, దాన్ని పక్కన పెట్టి, చివరికి 2012 జనవరిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ఫ్యూజీ 2021 జనవరిలో పెళ్లి ఫొటోల వాళ్ల ముద్దుబిడ్డ ప్రో 400హెచ్‌ని ఆపేసింది. ఇవన్నీ మావాడు చెప్పినవే, మావాడి మీదకే విసిరాను. చలించలేదు. "సినిమా ఉంది కదా బావగారూ," అన్నాడు. క్రిస్టఫర్ నోలన్ 2023లో వచ్చిన ఓపెన్‌హైమర్ మొత్తం ఫిల్మ్ మీదే తీశాడు, దాని ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. రోచెస్టర్‌లో కోడక్ ఫిల్మ్ కర్మాగారం ఇవాళ తిరుగుతోందంటే అందులో సినిమావాళ్లు కొనే నెగటివ్‌దీ వాటా ఉంది. ఆ సినిమా నెగటివ్‌కే వెనక నల్లపూత తీసేసి మామూలు కెమెరాల్లోకి అమ్మేవాళ్లున్నారు. దాంతో తీస్తే రాత్రి దీపాల చుట్టూ ఎర్రటి ప్రభ వస్తుంది. మా వీధి చివర చెప్పుల కొట్టు బల్బు చుట్టూ అలాంటి ప్రభ వచ్చింది. దాటుతూ చెంపలేసుకున్నాను.

విమానాశ్రయం గురించి ఒక్క మాట. డాలస్ నుంచి మా అమ్మాయి వస్తుంటే కన్నతండ్రిగా నేనొక బీపీ మిషను అడిగాను. వచ్చినవి మామయ్య రీళ్లు. వాటిని పెట్టెలో వెయ్యకూడదు, పెట్టెలకి వాడే ఎక్స్-రే గట్టిది. చేతి సంచీలో పెట్టినా, ఇప్పుడొస్తున్న సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి. కాబట్టి చేత్తో చూడండి మహాప్రభో అని ప్రతి ద్వారం దగ్గరా బతిమాలాలి. బతిమాలింది. మిషను కొనడానికి టైము లేకపోయింది నాన్నా అంది. రీళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి.

ఆఖరి కారణం చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. తోటి బాధితుల దగ్గర దాపరికం ఎందుకు? "నెగటివ్ చేతికి తగిలే వస్తువు బావగారూ. ఫోను కాలవలో పడుతుంది, హార్డ్ డిస్కు ఒకరోజు టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది, పాస్‌వర్డు మర్చిపోతాం. దీనికి పాస్‌వర్డు లేదు. చల్లగా, పొడిగా, చీకట్లో పెడితే ఏళ్లకేళ్లు ఉంటుంది. కిటికీ దగ్గర పట్టుకుంటే చాలు," అన్నాడు. అంతటితో ఊరుకుంటే మావాడెందుకవుతాడు? రుజువు చూపిస్తానని మా బీరువా తీయించాడు. పట్టుచీరల అడుగున, ఎల్ఐసీ కాగితాల కవర్లో, 1994 నాటి మా పెళ్లి నెగటివ్‌లు బయటపడ్డాయి. ఆల్బంలో ప్రింట్లు ఎప్పుడో ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి, మొహాలు పసుపు తిరిగాయి. నెగటివ్‌లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఆ ఆల్బంలో మధుపర్కాల ఫొటో ఒకటుంది. పందిట్లో మేమిద్దరం, వెనక పందిరి బయట తెల్లటి ఎండ. ల్యాబు మిషను మా మొహాలకి సరిపోయేట్టు ప్రింటు వేసింది, ఆ ఎండని కాగితం పట్టలేకపోయింది, తెల్లగా వదిలేసింది. అక్కడ ఏమీ లేదని ముప్పై ఏళ్లుగా రెండు కుటుంబాల నమ్మకం. కానీ కాగితం పట్టలేనిది నెగటివ్ ఎప్పుడో పట్టి ఉంచింది.

ఇక్కడ మీకు మా పెదనాన్న గారి గురించి చెప్పాలి. ఆ పెళ్లిలో ఆడపెళ్లివారు ఆయనకి మర్యాద చెయ్యలేదు. పంక్తిలో కూర్చోమని పిలిచిన నాథుడు లేడు. పచ్చి మంచినీళ్లు ముట్టకుండా బస్సెక్కి వెళ్లిపోయారు. ఇది మా వంశచరిత్ర. పండక్కి బట్టల్లో తేడా వచ్చినా, మా ఆవిడ పుట్టింటి గొప్పలు అందుకున్నా, బావమరిది ఫ్రిజ్ తలుపు తీసినా, నేను గొంతు పెంచేవాణ్ణి కాదు. "మా పెదనాన్న ఆకలితో వెళ్లిపోయారు," అనేవాణ్ణి. ఇల్లు సద్దుమణిగేది. అణ్వస్త్రం ఉన్న దేశానికి ఆ మాత్రం గౌరవం ఉంటుంది.

మావాడు స్కాను చేసి, తెర మీద ఆ ఎండని మెల్లమెల్లగా కిందికి దించాడు. ముందు కొబ్బరి మట్టలు వచ్చాయి. తర్వాత అరటాకుల వరస. ఆ వరసలో మొట్టమొదటి ఆకు ముందు, జరీ కండువా భుజాన వేసుకుని, బుగ్గ నిండా బూరెతో మా పెదనాన్న గారు. ఆకులో పులిహోర గుట్ట. పక్కన మా మామగారు స్వయంగా వంగి నెయ్యి వడ్డిస్తున్నారు. ఇంకా మాకు ముహూర్తం కూడా కాలేదు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. దాన్ని పెద్ద ప్రింటు వేయించి, హాల్లో టీవీ పైన కట్టించింది. మావాడు ఆ ఆకు దగ్గర వేలు పెట్టి, "చూశారా బావగారూ, హైలైట్స్ ఎంత బాగా నిలబడ్డాయో," అన్నాడు.

కాబట్టి గృహస్థులారా, మీకు నా విన్నపం ఒక్కటే. మీ బీరువాలో కూడా పాత స్టూడియో కవర్లో నెగటివ్‌లు ఉండే ఉంటాయి. పారెయ్యకండి. తడి తగలనివ్వకండి, అంచులు మాత్రమే పట్టుకోండి, ఎండలో పెట్టకండి. కానీ స్కానరున్న చుట్టం ఎవరి చేతిలోనైనా పెట్టేముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కసారి కిటికీ దగ్గర పట్టుకుని, వెనక పంక్తిలో ఎవరెవరు భోంచేస్తున్నారో మీరే చూసుకోండి.